50 మీటర్ల రైఫిల్‌కి గాలి మీటర్: ఏది తెప్పించుకోవాలి?

ప్రశ్న (అనంతపురం)

మా అమ్మాయి 50 మీటర్ల రైఫిల్ ప్రోన్ (బోర్లా పడుకుని కొట్టే ఆట) మొదలుపెట్టింది. లైసెన్సు, క్లబ్బు సభ్యత్వం లాంటివన్నీ సరిగ్గానే ఉన్నాయి, వాటి గురించి కాదు అడిగేది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆడినన్నాళ్లూ హాల్లోనే కాబట్టి గాలి గొడవ లేదు. ఇప్పుడు బెంగళూరు తీసుకెళ్లి బయట రేంజ్‌లో ఆడిస్తున్నాం. నాలుగైదు షాట్లు ఒకేచోట పడతాయి, ఉన్నట్టుండి ఒకటి పక్కకు జారిపోతుంది. కోచ్ గాలి చూసుకోమంటారు. ఎలా చూసుకోవాలో పాపకు అంతుపట్టడం లేదు.

మా బామ్మర్ది డల్లాస్‌లో ఉంటాడు, అక్కడ 1000 గజాల షూటింగ్ చేస్తాడు. సంక్రాంతికి వస్తూ గాలి వేగం కొలిచే కెస్ట్రెల్ కంపెనీ మీటరు, 5700 ఎలైట్ రకం తెస్తానంటున్నాడు. ధర చూస్తే నాకు కళ్లు తిరిగాయి. ఇక్కడ ఆన్‌లైన్‌లో దానికి ఏ మూలకూ రాని ధరకే మీటర్లు కనిపిస్తున్నాయి. పాపకు నిజంగా ఏది కావాలి?

జవాబు (కర్నూలు)

అన్నా, మీ బామ్మర్ది చెప్పేది మంచి వస్తువే. కాకపోతే అది ఆయన ఆటకు కావలసింది. 5700 ఎలైట్‌లో బాలిస్టిక్ లెక్కలు, అంటే తూటా ఎటు పోతుందో లెక్కలు, చేసే ప్రోగ్రామ్ ఉంటుంది. తూటా వేగం, బరువు, దూరం ఇస్తే గురి సరిచేసే మర ఎన్ని క్లిక్కులు తిప్పాలో అదే చెబుతుంది. 1000 గజాల దగ్గర అది కావాలి. ఆ ఆటలో వాడే పెద్ద .308 తూటా అంత దూరంలో గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలికే రెండు మీటర్ల పైన పక్కకు పోతుంది. పాప ఆడేది ఎప్పుడూ 50 మీటర్లే. దూరం మారదు, తూటా మారదు, లెక్కించడానికి మిగిలింది గాలి ఒక్కటే.

ఆ గాలి మాత్రం చిన్న విషయం కాదు. పాప వాడే చిన్న .22 తూటా నెమ్మదిగా పోతుంది కాబట్టి సెకనుకు 2 మీటర్ల అడ్డగాలి వచ్చినా 50 మీటర్ల దగ్గర సెంటీమీటరుకు కొంచెం పైనే జరుగుతుంది. టార్గెట్‌లో పది రింగు వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. ఒక్కో రింగుకు మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. అంటే చెట్టాకులు కాస్త గలగలలాడే గాలికే ఒక రింగు పోయినట్టు. పాప షాట్లు జారిపోయేది బహుశా ఇక్కడే.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నిబంధనల ప్రకారం పోటీలో ఆటగాళ్లు సొంతంగా గాలి చూపించే సాధనాలేవీ పెట్టుకోకూడదు. రేంజ్ వాళ్లు 10 మీటర్ల దగ్గర, 30 మీటర్ల దగ్గర కట్టిన చిన్న జెండాలే దిక్కు. కాబట్టి మీటరు పోటీకి కాదు, ప్రాక్టీసులో పాప కన్నుకు జెండాను అలవాటు చేయడానికి. ఆ పనికి 5700 అక్కర్లేదు. కెస్ట్రెల్‌లోనే 1000 అని చిన్నది ఉంటుంది. గాలి వేగం మాత్రమే చూపిస్తుంది, సగటు, గరిష్ఠ వేగం కూడా ఇస్తుంది. నన్నడిగితే అది చాలు.

జవాబు (కడప)

నేను డ్రోన్‌తో మందు కొడతాను, మీటరు లేనిదే డ్రోన్ ఎత్తను. ఆన్‌లైన్‌లో దొరికే మామూలు అనిమోమీటరే (గాలి మీటరే) వాడుతున్నా, ఇబ్బంది లేదు. ముందు అది కొని చూడండి. పాపకు ఆసక్తి ఉంటే తర్వాత పెద్దది తీసుకోవచ్చు.

జవాబు (కర్నూలు)

డ్రోన్‌కి సరిపోతుంది తమ్ముడూ. నీకు గాలి ఎక్కువైందా లేదా అని తెలిస్తే చాలు. ఇక్కడ తంటా అంతా తక్కువ గాలితోనే. చవక మీటర్లలో కొన్నింటి ఫ్యాన్ సెకనుకు ఒక మీటరు గాలి వచ్చేదాకా కదలదు, తెర మీద సున్నా చూపిస్తుంది. ఆ ఒక మీటరు గాలికి తూటా ఆరు మిల్లీమీటర్లు జరుగుతుంది. పాప సున్నా అనుకుని కొడితే, గురి అటువైపు కాస్త తప్పినా చాలు, తొమ్మిది పడుతుంది. కెస్ట్రెల్ ఫ్యాన్ సెకనుకు 0.6 మీటర్ల దగ్గర తిరగడం మొదలుపెడుతుంది. చవకదే కొనాలనుకుంటే కొనే ముందు గదిలో నెమ్మదిగా నడుస్తూ చూడండి, ఫ్యాన్ తిరగాలి.

వ్యాఖ్య (ధర్మవరం)

మన వైపు మీటరెందుకన్నా, రామగిరి గాలిమరల వైపు చూస్తే పోలా!

జవాబు (కర్నూలు)

హహ. గాలిమర రెక్కలుండే ఎత్తులో వీచే గాలి వేరు, పాప పడుకుని కొట్టే ఎత్తులో వీచేది వేరు. నేలకు దగ్గరయ్యే కొద్దీ గాలి తగ్గుతుంది. ఆషాఢం గాలిలో పైన రెక్కలు జోరుగా తిరుగుతున్నా, రేంజ్ గోడ చాటున జెండా వేలాడుతూ ఉండొచ్చు. అందుకే మీటరు కూడా నిలబడి తల మీదికి ఎత్తి పట్టకూడదు, తుపాకీ గొట్టం ఎత్తులోనే పట్టాలి.

అడిగినవారు

బామ్మర్దికి మీ జవాబు చదివి వినిపించా. ఒప్పుకోవడం లేదు. ఉష్ణోగ్రత, తేమ, పీడనం తెలియకుండా షూటింగ్ ఏంటి అంటున్నాడు. కనీసం అవన్నీ చూపించే కెస్ట్రెల్ 3500 అయినా తీసుకోమంటాడు.

జవాబు (కర్నూలు)

ఆయన దూరానికి ఆయన మాట నిజమే. 15 డిగ్రీల దగ్గర ఉన్న గాలి 45 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు పదో వంతు పలచబడుతుంది. 1000 గజాల దగ్గర ఆ తేడాకే షాట్ టార్గెట్ దాటిపోవచ్చు. 50 మీటర్ల దగ్గర ఆ తేడా లెక్కలోకి రాదు. మొదట్లో నాలుగు సైటింగ్ షాట్లు (గురి సరిచూసుకోవడానికి కొట్టేవి) కొట్టి సరిచూసుకుంటే చాలు. తేమ సంగతైతే 1000 గజాల దగ్గర కూడా నామమాత్రమే. తడిగాలి బరువనుకుంటారు గానీ నిజానికి పొడిగాలి కంటే కాస్త తేలిక.

రేపు పాప 300 మీటర్లు, ఆపైన ఆడితే పీడనం చూడాల్సి వస్తుంది. అప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఫోన్‌లో వాతావరణం యాప్ చూపించే పీడనం సముద్రమట్టానికి సవరించినది. అనంతపురం సముద్రమట్టానికి 300 మీటర్ల పైన ఉంది, అక్కడి అసలు పీడనం దానికంటే 35-40 మిల్లీబార్లు తక్కువ. బాలిస్టిక్ లెక్కకు ఆ అసలు అంకెనే ఇవ్వాలి.

ఇప్పటికైతే పాపతో ఇది చేయించండి. మీటరు స్కేలు సెకనుకు మీటర్లలో పెట్టండి. డల్లాస్ నుంచి వచ్చేది మైళ్లలో ఉండొచ్చు. మీరు జెండా పక్కన నిలబడి, చెయ్యి చాచి, మీటరు ముఖం నేరుగా గాలికి తిప్పి పట్టుకోండి, ఒళ్లు గాలికి అడ్డం రాకూడదు. రేంజ్ ఆఫీసర్‌ను అడిగి, కాల్పులు పూర్తిగా ఆగాకే షూటర్లు కొట్టే గీత దాటి ముందుకు వెళ్లాలి, అది మరిచిపోవద్దు. పాప వెనక నుంచి జెండా చూసి వేగం ఎంతో అంచనా చెప్పాలి, తర్వాత మీరు అంకె చెప్పాలి. గాలి సరిగ్గా పక్క నుంచి వస్తే వేగమంతా లెక్కే. ముందు నుంచి 45 డిగ్రీల ఏటవాలుగా వస్తే పదింట ఏడు వంతులు, 30 డిగ్రీలైతే సగం. ఎదురుగాలికి షాట్ పక్కకు పోదు.

ఎండాకాలం మనకు ఇంకో సాయం ఉంది. స్పాటింగ్ స్కోప్‌లో (టార్గెట్ చూసే దుర్బిణిలో) టార్గెట్ కంటే కాస్త ముందుకు ఫోకస్ చేస్తే ఎండమావి కనిపిస్తుంది. నిట్టనిలువుగా ఉడుకుతున్నట్టుంటే అడ్డగాలి లేదు. ఒక పక్కకు వాలితే గాలి అటు వీస్తోంది. గాలి బాగా ఎక్కువైతే అడ్డంగా సాగిపోతుంది, అప్పుడు వేగం పోల్చుకోవడం కష్టం.

అడిగినవారు

సరే, 1000 రకమే తెమ్మన్నా. మన దుమ్ముకు అది ఎన్నాళ్లు నిలుస్తుంది?

జవాబు (కర్నూలు)

దుమ్ము పడితే ఫ్యాన్ బరువుగా తిరుగుతుంది, అంకె తగ్గుతుంది. కంప్రెసర్ గాలి కొట్టొద్దు, ఇరుసు పోతుంది. కెస్ట్రెల్‌లో ఆ ఫ్యాన్ ముక్క మొత్తం బయటికి వస్తుంది, కొత్తది మనమే పెట్టుకోవచ్చు. తీసేటప్పుడు, పెట్టేటప్పుడు అంచుల మీదే బొటనవేళ్లతో నొక్కాలి, మధ్యలో ఇరుసు మీద నొక్కకూడదు. మే నెలలో మూసిన కారులో వదిలేయొద్దు, 55 డిగ్రీలు దాటితే తెర సరిగ్గా పనిచేయదు. బామ్మర్దితో ఒక స్పేర్ ఫ్యాన్ కూడా తెప్పించండి, ఇక్కడ దానికోసం తిరగాల్సిన పని ఉండదు.