రివాల్వర్ కొత్త మిక్స్: ఇది అదే ఆల్బమా, మరొకటా?

(ఇది ఒక చర్చ. ప్రతి మాట పైన ఉన్నది దానిని రాసినవారి మారుపేరు.)

ఏడో పాట

ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్ 1966 ఆగస్టు 5న బ్రిటన్‌లో విడుదల చేసిన ‘రివాల్వర్’ 2022 అక్టోబరు 28న కొత్త రూపంలో మళ్లీ వచ్చింది. నాటి నిర్మాత జార్జ్ మార్టిన్ కుమారుడు జైల్స్ మార్టిన్, ఇంజనీరు శామ్ ఓకెల్‌తో కలిసి పద్నాలుగు పాటలనూ స్టీరియోలో (ఎడమ, కుడి వైపులకు వేరువేరు శబ్దం పంపే పద్ధతిలో) తిరిగి మిక్స్ చేశారు. నేను ఈ ఆల్బమ్‌ను తెలుసుకున్నది 2009 సీడీ ద్వారా. కొత్తది వినగానే డ్రమ్ములు ఎదురుగా వచ్చి కూర్చున్నట్టు అనిపించి సంతోషం కలిగింది. మూడోసారి వింటున్నప్పుడు మాత్రం, నేను ఇన్నాళ్లూ ఇష్టపడినది ఇదేనా అన్న సందేహం మొదలైంది. అందరూ రీమాస్టర్ అని పిలుస్తున్న ఈ కూర్పును అదే ఆల్బమ్ అనవచ్చా? అభిప్రాయం చెప్పేవారు ఏ కూర్పును, దేనిమీద విన్నారో కూడా చెబితే వాదన గాలిలో తేలకుండా ఉంటుంది.

మోనో పక్షం

ముందుగా మాటను సరిచేసుకుందాం, ఎందుకంటే సగం తగాదా అక్కడే ఉంది. రీమాస్టర్ అంటే పూర్తయిన మిక్స్ టేపును తీసుకుని, దానిలోని రొద తగ్గించి, హెచ్చుతగ్గులు సవరించి, కొత్త మాధ్యమానికి ఎక్కించడం. 2009లో జరిగినది అది. 2022లో జరిగినది రీమిక్స్. అంటే మిక్స్‌కు ముందున్న టేపుల దగ్గరకు వెళ్లి, ఏ వాద్యం ఎక్కడ, ఎంత గట్టిగా వినబడాలో మళ్లీ నిర్ణయించడం. పాత చిత్రపటం మీద దుమ్ము తుడవడం వేరు, అందులోని మనుషులను పక్కకు జరిపి నిలబెట్టడం వేరు.

‘ఎలియనార్ రిగ్బీ’ 1966 స్టీరియోను హెడ్‌ఫోన్‌లో వినండి. చరణాలలో బృంద గాయకుడు మెకార్ట్నీ గొంతు కుడి చెవి దగ్గర ఒంటరిగా నిలబడుతుంది, పల్లవి రాగానే రెండు వైపులా విచ్చుకుంటుంది. మొదటి చరణం మొదలయ్యేటప్పుడు క్షణకాలం గొంతు రెండుగా వినబడి, ఎవరో ఆలస్యంగా మీట జరిపినట్టు, కుడికి జారిపోతుంది. అది పొరపాటే, ఎవరూ కాదనరు. అయితే ఒంటరి మనుషుల గురించిన పాటలో గొంతు ఒక మూలన నిలబడి ఉండటాన్ని యాభై ఏళ్లకు పైగా విన్నవారికి అది పాటలో భాగమైపోయింది. ఆ నిర్ణయాలు తీసుకున్న జార్జ్ మార్టిన్ 2016లో, ఇరవై ఏళ్ల వయసులో ఈ ఆల్బమ్‌కు ఇంజనీరుగా కూర్చున్న జెఫ్ ఎమెరిక్ 2018లో కన్నుమూశారు. ఇప్పుడు ఆ మూలలోంచి గొంతును జరపడానికి వారిని అడిగే వీలు లేదు. నేను విన్నది మోనో (రెండు వైపులా ఒకే శబ్దం వచ్చే) ఎల్‌పీ, 2009 సీడీ, 2022 సీడీ, మూడూ స్పీకర్ల మీదే.

నాలుగు ట్రాకులు

మోనో పక్షం గారు చెప్పిన తేడా నిజమే, నేనూ దానిని ఒప్పుకునే మొదలుపెడతాను. అయితే ‘నిర్ణయం’ అన్న మాటను ఆయన కొంచెం ఉదారంగా వాడుతున్నారని నా అభియోగం.

1966లో రికార్డు సంస్థ ఇఎంఐ స్టూడియోలో ఉన్నవి నాలుగు ట్రాకుల (అంటే శబ్దాన్ని విడివిడిగా నింపే నాలుగు పట్టీల) టేపు యంత్రాలు. నాలుగూ నిండిపోతే వాటిని కలిపి మరో టేపు మీద ఒకటి రెండు ట్రాకులకు కుదించి, మిగిలిన ఖాళీలో కొత్త వాద్యాలను చేర్చేవారు. ఒకసారి కుదించాక డ్రమ్ము డ్రమ్ముగా, గిటార్ గిటార్‌గా విడిగా ఉండవు, పాలలో కలిసిన నీళ్ల లాంటి వ్యవహారం. ‘టాక్స్‌మన్’లో డ్రమ్ములు, బేస్, గిటార్ ఒకే ట్రాకు మీద ఉన్నాయి. కనుక స్టీరియోలో ఆ మూటను మొత్తంగా ఏదో ఒక పక్కన పెట్టక తప్పలేదు. ఒక చెవిలో వాద్యబృందమంతా మోగుతుంటే రెండో చెవి ఖాళీగా ఎదురుచూస్తూ కూర్చోవడం కళాత్మక సంకల్పం కాదు, యంత్రం విధించిన గతి. దానికి తోడు అప్పటి శ్రోతల్లో ఎక్కువమంది దగ్గర ఉన్నవి మోనో ప్లేయర్లే కాబట్టి బృందమూ నిర్మాతా శ్రద్ధ పెట్టినది మోనో మిక్స్ మీద. స్టీరియో పని తర్వాత, తొందరగా ముగిసింది.

ఇప్పుడు మారినదేమిటంటే, 2021 నాటి ‘గెట్ బ్యాక్’ చిత్రమాలిక కోసం పీటర్ జాక్సన్ బృందం తయారుచేసిన యంత్రాభ్యాస పద్ధతితో, ఒకే ట్రాకులో కలిసిపోయిన వాద్యాలను విడదీయగలుగుతున్నారు. డ్రమ్ము శబ్దం ఎలా ఉంటుందో, గిటార్ శబ్దం ఎలా ఉంటుందో లెక్కలేనన్ని ఉదాహరణలతో నేర్చుకున్న ప్రోగ్రాము ఆ మూటను విప్పి, దేని పోగును దానికి వేరుచేస్తుంది. అందువల్లనే బృందపు డ్రమ్మరు రింగో డ్రమ్ములు స్టీరియోలో మధ్యలో నిలిచాయి. ‘లవ్ యూ టు’లో, ఆల్బమ్ అట్ట మీద పేరు ముద్రించిన అనిల్ భగవత్ తబలాలో ఎడమచేతి గంభీర నాదం, కుడిచేతి పదునైన దెబ్బ రెండూ నాకు ఇప్పుడే వేరువేరుగా తెలిశాయి. పాత సీడీని వందసార్లు విన్నవాడిని చెబుతున్నాను.

ఇక ‘అసలు’ అన్న మాటకు వద్దాం. 1966లో అమెరికాలో విడుదలైన ‘రివాల్వర్’లో ఉన్నవి పదకొండు పాటలే. ‘అయామ్ ఓన్లీ స్లీపింగ్’, ‘అండ్ యువర్ బర్డ్ కెన్ సింగ్’, ‘డాక్టర్ రాబర్ట్’ అనే మూడు పాటలను (బృందంలోని లెన్నన్ పాటలు) అక్కడి సంస్థ అంతకుముందే మరో ఆల్బమ్‌కు వాడేసుకుంది. 1987లో సీడీ వచ్చి బ్రిటన్ క్రమాన్ని ప్రమాణంగా నిలిపేంతవరకు అమెరికన్ అభిమానులు ప్రేమించిన రివాల్వర్ అదే. మోనోలో ‘అయామ్ ఓన్లీ స్లీపింగ్’లోని వెనుకకు తిరిగే గిటార్ ముక్కలు స్టీరియోలో ఉన్న చోట ఉండవు. ఇన్ని రూపాలుండగా ఒక్కదానికి మాత్రమే పట్టాభిషేకం ఎలా చేస్తారు?

మోనో పక్షం

అమెరికా కూర్పు వ్యాపారసంస్థ కత్తిరింపు, దానిని బృందం ఇష్టపడలేదు, కాబట్టి దానిని పోటీలోకి తేవడం నాకు న్యాయంగా తోచలేదు. మోనో, స్టీరియోల మధ్య తేడాల విషయంలో మాత్రం ‘నాలుగు ట్రాకులు’ గారి మాటకు నా దగ్గర గట్టి జవాబు లేదు. రెండూ వారు చేసినవే, రెండూ అసలువే. అయినా ఒక మాట మిగిలింది. యంత్రం విధించిన హద్దును చూసుకునే కదా వారు వాయించినదీ, వాద్యాలను కలిపినదీ. ఛందస్సు కవిని కట్టిపడేసిందని, ఆ కట్లు విప్పి పద్యాన్ని తిరగరాస్తామంటే ఒప్పుకుంటామా?

రీలు చప్పుడు

ఛందస్సు పోలిక బాగుంది కానీ పూర్తిగా అతకదు, పద్యానికి సాటి వచ్చేది పాట, మిక్స్ కాదు. అది పక్కన పెడదాం. పైన ఇద్దరూ ‘అసలు సృష్టికర్తల అనుమతి’ అన్న ఊహను ఆధారం చేసుకుంటున్నారు, నాకు అభ్యంతరం దాని మీదే. సృష్టికర్త స్వయంగా చేసినంత మాత్రాన మేలు జరుగుతుందన్న హామీ లేదు. అమెరికన్ రాక్ బృందం స్టూజెస్ 1973 ఆల్బమ్ ‘రా పవర్’ తొలుత విడుదలైనది చాలావరకు మరో గాయకుడు డేవిడ్ బోవీ చేసిన మిక్స్‌తో. అది పలచగా ఉందని దశాబ్దాలుగా వినబడిన ఫిర్యాదు. 1997లో ఆ బృందపు గాయకుడు ఇగ్గీ పాప్ తానే కూర్చుని కొత్త మిక్స్ చేశాడు. ఫలితం ఎంత గట్టిగా వచ్చిందంటే, శబ్దం పగిలి గరగరలాడటానికి అది నేటికీ ఉదాహరణగా నిలిచింది. 2010లో బోవీ మిక్స్‌ను మళ్లీ విడుదల చేయవలసి వచ్చింది. తిట్టిపోసిన పాతదాని కోసమే జనం వెతుక్కున్నారు.

అంతకంటే ఘోరమైనది రాక్ గాయకుడు ఆజీ ఆస్బోర్న్ మొదటి రెండు సొంత ఆల్బమ్‌ల కథ. 2002 పునర్విడుదలలో బాబ్ డైస్లీ బేస్‌నూ, లీ కెర్స్‌లేక్ డ్రమ్ములనూ తొలగించి, వేరే కళాకారులతో వాయింపజేసి అతికించారు. 1982లో మరణించిన ర్యాండీ రోడ్స్ గిటార్ కింద, ఆ పాటల్లో తనతో వాయించని మనుషుల తాళం నడిచింది. అట్ట అదే, పేరు అదే. 2011లో అసలు వాద్యాలు తిరిగి వచ్చాయి. రివాల్వర్‌లో అలాంటి అపచారమేదీ జరగలేదు, ఒక్క స్వరం కూడా కొత్తగా వాయించలేదు. కనుక ఆ తక్కెడలో దీనిని తూచకూడదు. అయితే విడదీసే యంత్రం నిజంగా ‘విడదీస్తోందా’, లేక అక్కడక్కడ ఊహించి పూరిస్తోందా అన్నది నన్ను వదలని ప్రశ్న. ‘షీ సెడ్ షీ సెడ్’లో సింబల్ (డ్రమ్ములతో పాటు మోగించే లోహపు పళ్లెం) మోగి ఆరిపోయే చోట, ఆ తోక నా చెవికి నీళ్లలోంచి వినబడుతున్నట్టు ఉంది.

చెవులకు తాళం

నీళ్ల శబ్దం నాకూ వినబడిందనే అనుకున్నాను. అనుకోవడంతో ఆగకుండా పరీక్షించాను, ఎలా చేశానో చెబుతాను. 2009 కూర్పునూ, 2022 కూర్పునూ ముందు ఒకే బిగ్గరతనానికి తెచ్చాను. ఈ పని చేయకుండా పోల్చేవారి మాటను దయచేసి ఎవరూ నమ్మవద్దు. ఒక్క డెసిబెల్ ఎక్కువగా ఉన్నది కూడా మన చెవికి ‘స్పష్టంగా’, ‘నిండుగా’ తోస్తుంది, గట్టిగా ఉందని మాత్రం తోచదు. ఏ సీడీ కొత్తగా వచ్చినా ‘పాతది మసకగా ఉంది’ అని రాసేవారిలో చాలామంది పోలుస్తున్నది వాల్యూమ్‌ను.

ఆ తర్వాత గొంతులూ గిటార్లూ వినబడని, సింబల్ ఒక్కటే ఆరిపోయే రెండు మూడు క్షణాల ముక్కను రెండు కూర్పులలోంచీ కత్తిరించి, రెండింటినీ మోనో చేశాను. లేకపోతే డ్రమ్ములు మధ్యలో ఉన్నాయా పక్కన ఉన్నాయా అన్నదే గుట్టు రట్టు చేస్తుంది. మా చెల్లెలిని కీబోర్డు దగ్గర కూర్చోబెట్టి, నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. పదిసార్లు వినిపిస్తే ఆరుసార్లు సరిగ్గా చెప్పాను. నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది. నాకు తేడా ఉన్నట్టు తోచినదల్లా తోకలో కాదు, సింబల్‌ను కొట్టిన మొదటి దెబ్బలో. కొత్తదానిలో అది మెత్తగా, గుండ్రంగా తోచింది. బాగుందా లేదా అంటే, తొమ్మిదోసారికి నాకు అభిప్రాయాలన్నీ చచ్చిపోయాయి.

రీలు చప్పుడు

అయితే ఆ నీటి సంగతిని నేను వెనక్కి తీసుకుంటాను, నా పరీక్ష అయ్యేవరకైనా. నేను విన్నది రెండు రోజుల తేడాతో, వేర్వేరు వాల్యూముల మీద.

మోనో పక్షం

‘చెవులకు తాళం’ గారి ఓపికకు నమస్కారం. నా వాదాన్ని నేను కుదించుకుంటున్నాను. కొత్త మిక్స్ చేయడం తప్పనడం లేదు. 1987లో బీటిల్స్ ఇతర ఆల్బమ్‌లైన ‘హెల్ప్!’, ‘రబ్బర్ సోల్’ సీడీల కోసం స్వయంగా జార్జ్ మార్టినే స్టీరియోను తిరిగి మిక్స్ చేశారు కాబట్టి, ఆ తప్పు పట్టాలంటే తండ్రితో మొదలుపెట్టాలి. నా ఫిర్యాదు 2022లో పలు సీడీలు కలిపి అమ్మిన ‘రివాల్వర్’ పెట్టెలో ఏమి లేదన్న దాని మీద. అయిదు సీడీలు ఉన్నాయి, కొత్త స్టీరియో ఉంది, మోనో ఉంది, అభ్యాసంలో పక్కనపెట్టిన టేకులు రెండు సీడీల నిండా ఉన్నాయి. ఒక్క 1966 స్టీరియో మిక్స్ మాత్రం లేదు. ‘ఎల్లో సబ్‌మెరీన్’ తొలి ముసాయిదాకు చోటు దొరికిన పెట్టెలో, లక్షలమంది కొని విన్న మిక్స్‌కు చోటు దొరకలేదు.

నాలుగు ట్రాకులు

అది నిజమైన లోపమే, సమర్థించను. కానీ 1966 స్టీరియో ఎక్కడికీ పోలేదు. 2009 రీమాస్టర్ స్ట్రీమింగ్‌లో విడిగా ఉంది, సీడీ కూడా దొరుకుతోంది. కోరుకున్నవారు కోరుకున్నది వినవచ్చు.

మోనో పక్షం

ఇవాళ దొరుకుతోంది. ఇప్పుడే చెప్పిన ‘రబ్బర్ సోల్’నే తీసుకోండి. 1987లో కొత్త మిక్స్ వచ్చాక, 1965 నాటి స్టీరియో మిక్స్ బ్రిటన్ ఆల్బమ్ రూపంలో సీడీ మీద మళ్లీ కనబడినది 2009లో, అంటే ఇరవై రెండేళ్ల తర్వాత. అదీ విడిగా కాదు. మోనో ఆల్బమ్‌ల పెట్టెలో, మోనో పాటల వెనుక అదనపు పాటలుగా. సాధారణ స్టీరియో సీడీని కొన్నవాడికి 2009లో కూడా దక్కినది 1987 మిక్సే. అట్ట మీద ఆ సంగతి చదివి కొన్నవారు మనలో ఎందరు?

ఏడో పాట

నేను చదవలేదు. ఇది టైపు చేస్తూనే నా 2009 ‘రబ్బర్ సోల్’ సీడీ తీసి లోపలి పుస్తకం తిరగేస్తున్నాను. ఇన్నేళ్లుగా 1965 అనుకుని వింటున్నది 1987 అన్నమాట. పైగా అందులో నాకు బాగా నచ్చే ఆ వెచ్చదనం ఎవరి చేతిదో ఇప్పుడు తెలియడం లేదు. ‘చెవులకు తాళం’ గారూ, మీ పరీక్షకు ఏ సాఫ్ట్‌వేర్ వాడారో, బిగ్గరతనాన్ని ఎలా సమం చేశారో వివరంగా రాయగలరా? మోనో పెట్టెను మా అన్నయ్య దగ్గర నుంచి అడిగి తెస్తాను, వచ్చే ఆదివారం ‘రబ్బర్ సోల్’తో చేసి చూస్తాను.