‘టోనీ పోయినాడు’ అంటే ఏ పోవడం?

ప్రశ్న (తిరుపతి):
‘సొప్రానోస్’ సీరియల్ ఆఖరి సీనును ఒక్క తెలుగు వాక్యంలో రాయాల. టోనీ చచ్చినట్టూ తేలకూడదు, బతికినట్టూ తేలకూడదు. ‘చివర్లో టోనీ పోయినాడు’ అంటే సరిపోతుందా? మన పక్క పోయినాడంటే రెండర్థాలూ వస్తాయి కదా అని ధైర్యం.

చూడనోళ్ల కోసం సీను చెప్తా. 2007 జూన్ 10న హెచ్‌బీఓలో వచ్చిన 86వ ఎపిసోడ్, అదే చివరిది. న్యూజెర్సీలో బ్లూమ్‌ఫీల్డ్ అనే ఊర్లో హోల్‌స్టెన్స్ అని చిన్న హోటలు. ముఠా నాయకుడు టోనీ సొప్రానో వచ్చి కూర్చుంటాడు, బల్ల దగ్గరుండే పాటల పెట్టెలో పాట పెడతాడు. తలుపుకు గంట ఉంది. ఎవరొచ్చినా అది మోగుతుంది, టోనీ తలెత్తుతాడు. భార్య కార్మెలా వస్తుంది. కొడుకు ఏజే వస్తాడు. ఉల్లిపాయ రింగులు వస్తాయి. జాకెట్టు వేసుకున్న ఒకడు కౌంటరు దగ్గర కూర్చోనుండి, లేచి బాత్రూములోకి పోతాడు. బయట కూతురు మెడో కారును రోడ్డంచున పెట్టలేక ముందుకీ వెనక్కీ తిప్పుతా ఉంటుంది. ఎట్టో పెట్టి పరిగెత్తుకొస్తుంది. గంట. టోనీ తలెత్తుతాడు. అంతే, తెర నలుపు. పాట మధ్యలో తెగుతుంది. పది సెకండ్ల పాటు చప్పుడే లేదు. తర్వాత పేర్లు పడతాయి, వాటికీ సంగీతం లేదు.

తెనాలి (ఇప్పుడు ఉండేది తిరుపతి):
మీ ధైర్యం చిత్తూరు దాటితే పనిచెయ్యదండి. మా వైపు మనిషి విషయంలో ‘పోయాడు’ అంటే ముందు తోచేది చావే. ప్రయాణానికి ‘వెళ్లాడు’ అని వేరే మాట ఉంది, అందుకని ‘పోయాడు’ చావుకు మిగిలిపోయింది. కాదంటే కాస్త చులకనగా ‘ఎటు పోయాడో’ అన్నప్పుడు వాడతాం. మీ వాక్యం చదివిన తెనాలి మనిషికి సందిగ్ధం ఏమీ ఉండదు. టోనీ చచ్చాడు, కథ కంచికి.

చిత్తూరు:
అక్క చెప్పింది నిజమే. ఇక్కడ దానికి తిరగబడి ఉంది వ్యవహారం. మనకు ‘పోయినాడు’ అంటే ముందు ప్రయాణమే. సంతకు పోయినాడు, కాట్పాడికి పోయినాడు, కొండకు పోయినాడు. చావు అర్థం రావాలంటే ఊరి పేరు లేకుండా, గొంతు తగ్గించి చెప్పాల. అంటే ఒకే వాక్యం తెనాలిలో చంపేస్తుంది, చిత్తూరులో హోటలు నుంచి ఇంటికి పంపేస్తుంది. ఇది రెండర్థాల వాక్యం కాదు, రెండు ఊర్లలో రెండు ఒంటి అర్థాలు.

తేడా పట్టుకోను ఒక పరీక్ష ఉంది. విభక్తి చూడండి. టోనీ వేషం వేసిన జేమ్స్ గాండోల్ఫిని 2013 జూన్‌లో కాలం చేసినారు. ఆయన ‘రోముకు పోయినారు’, ‘రోములో పోయినారు’. రెండూ నిజమే. ‘కు’ వస్తే విమానం, ‘లో’ వస్తే మరణం.

పలమనేరు:
అన్నా, పరీక్ష బాగుంది గానీ ‘బస్సులో పోయినాడు’ అంటే ఏం చేస్తావు? బస్సులో పోయినాడంటే ప్రయాణం, యాక్సిడెంట్లో పోయినాడంటే చావు. రెండింటికీ ‘లో’నే కదా. అదీగాక ‘ఆరింటికి పోయినాడు’ అంటే? ‘కి’ ఉందని ప్రయాణం అనుకుంటే ఆస్పత్రి వరండాలో నిలబడినోడికి వేరే తెలుస్తుంది.

చిత్తూరు:
ఒప్పుకుంటా. అయితే ఇట్ట మారుస్తా: ‘కు’ ఊరి పేరుకు గానీ చోటుకు గానీ తగలాల, కాలానికి తగిలితే లెక్క లేదు. ‘లో’ వాహనానికి తగిలితే అది లోపల కూర్చున్నట్టు, పరీక్షకు రాదు. మిగిలిన చోట్ల నిలబడుతుంది. టోనీ వాక్యంలో ‘చివర్లో’ ఉంది చూడండి, అది కాలం. అందుకే అది ఏమీ తేల్చదు.

కుప్పం:
‘పోయిండాడు’ అని రాస్తే? పోయి ఉండాడు. ఉండాడు అన్నాక మనిషి యాడో ఒక చోట ఉన్నట్టే, తిరిగొచ్చే ఆశా ఉన్నట్టే. బతికినాడనే పక్షానికి ఇదే మాట. తమిళం మన పక్కింటిది కాబట్టి చెప్తున్నా, అక్కడా ‘పోయిట్టారు’ అంటే వెళ్లినారు, చనిపోయినారు, రెండూ. ‘పోయిరుక్కారు’ అంటే మాత్రం పనిమీద పోయినట్టే.

పలమనేరు:
ఒంటిగా ‘పోయిండాడు’ అయితే సరే. కానీ ‘చచ్చిపోయిండాడు’ అంటాము కదా, తలుపు పగలగొట్టి చూసినోడు బయటికొచ్చి చెప్పే మాట అది. అక్కడ ‘ఉండాడు’ బతుకును చెప్పదు, జరిగిపోయిన సంగతిని ఇప్పుడు కండ్లతో చూసినామని చెప్తుంది. కాబట్టి ‘ఉండాడు’ ఉంటే బతికినాడని సూత్రం రాసుకోవద్దు.

శ్రీకాళహస్తి:
మీరందరూ ‘పోయినాడు’కు బదులు ‘చనిపోయినాడు’ అంటే చావు ఖాయం అనుకుంటున్నారు. ఇప్పుడు ఖాయమే. మొదట్లో అదీ ప్రయాణమే. ‘చను’ అంటే వెళ్లు. కావ్యాల్లో ‘చనియె’ అంటే వెళ్లెను, ‘చనుదెంచె’ అంటే వచ్చెను. చని, పోయె: వెళ్లి, పోయె. ఒకే అర్థం ఉన్న రెండు క్రియలు పక్కపక్కన పెడితే చావు పుట్టింది. ‘చను’ ఒంటిగా వాడుకలోంచి జారిపోయాక, జంటకు ఆ ఒక్క అర్థమే మిగిలింది. ‘చచ్చిపోయినాడు’ మాత్రం ‘చచ్చు’ నుంచి, దాంట్లో దాపరికం లేదు. అందుకే అది మోటు, ఇది మర్యాద.

సంస్కృతంలోనూ అంతే. గతించినాడు అంటే వెళ్లినాడు. ప్రేత శబ్దం విడదీస్తే ప్ర, ఇత: ముందుకు వెళ్లినది. మా ఊర్లో శివైక్యం అంటారు, మీ తిరుపతిలో పరమపదించినారు అంటారు. ఎవరి క్షేత్రానికి తగ్గ చిరునామా వాళ్లు ఇచ్చుకున్నారు, ప్రయాణం మాత్రం అదే.

తెనాలి:
మా ‘వెళ్లాడు’కు ఆ రోగం లేదని నేననుకున్నది తప్పేనన్నమాట. ‘వెళ్లాడు’ వరకు బతికే ఉంటాడు. ‘మమ్మల్ని వదిలి వెళ్లిపోయారు’ అని పేపర్లో ఫొటో కింద చూస్తే ఇంకేం అడగం. అక్కడ కూడా చావును తెచ్చింది ‘పో’యే.

నగరి:
ఇంత కష్టం ఎందుకు, ‘టోనీని లేపేసినారు’ అని రాసెయ్యండి. ముఠా కథకు తగిన మాట.

ప్రశ్న (తిరుపతి):
అన్నా, అక్కడే వస్తుంది తిప్పలు. ‘లేపేసినారు’ అంటే ఎవరో లేపాల. సీనులో తుపాకీ లేదు, చప్పుడు లేదు, బాత్రూములోకి పోయినోడు మళ్లీ కనపడడు. తెలుగు క్రియకు చివర్లో ‘రు’ తగిలించిన వెంటనే చేసినోళ్లు పుట్టుకొస్తారు. ‘చంపబడినాడు’ అంటే కర్త దాగుతాడు గానీ అది కోర్టు కాగితం భాష. ‘టపా కట్టేసినాడు’, ‘బాల్చీ తన్నేసినాడు’ అంటారా, నవ్వొస్తుంది. ఆ సీనులో నవ్వు లేదు.

చిత్తూరు:
అసలు చిక్కు అర్థంలో లేదు, ప్రత్యయంలో ఉంది. ‘డు’ అన్నావంటే టోనీ గురించి తీర్పు చెప్పినట్టే. ‘డు’ తీసి ‘ది’ పెట్టు. ‘పోయింది.’ కర్త చెప్పొద్దు.

ఎందుకంటే, ‘నాయన పోయినాడు’ అనేది మిగిలినోళ్ల మాట. పోవడం అనేది ఎప్పుడూ ఇవతలి గట్టు నుంచి చూసి చెప్పేది. డబ్బు పోయింది, పరువు పోయింది, కొండ మీద చెప్పులు పోయినాయి: పోగొట్టుకున్నోడు మాట్లాడతా ఉండాడు. ఈ సీను అట్ట తీయలేదు. గంట మోగుతుంది, టోనీ మొహం, తర్వాత టోనీ చూసేది. గంట, మొహం, చూపు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇదే వరస నడుస్తుంది. ఆఖరి సారి గంట ఉంది, మొహం ఉంది, చూపు రావాల్సిన చోట నలుపు. ఆ నలుపు టోనీ కండ్లలోది అయితే, ఇవతలి గట్టున నిలబడి ‘పోయినాడు’ అనేదానికి మనిషే లేడు. చూపు పోయింది, వినికిడి పోయింది, వెలుగు పోయింది. టోనీ ఏమైనాడో ‘ది’ చెప్పదు.

కాదు, అది ఉత్త తెర నలుపే అంటారా, దానికీ ‘పోయింది’ చెల్లుతుంది. ఆ రాత్రి అమెరికాలో చాలామంది సరిగ్గా మెడో లోపలికొచ్చేటప్పటికి కేబుల్ పోయిందనుకున్నారు. మనం కరెంటు పోయింది, సిగ్నల్ పోయింది అన్నట్టు. ప్రాణం, బొమ్మ, కేబుల్, మూడింటికీ ఒకే క్రియ.

కుప్పం:
‘ఆగిపోయింది’ కూడా చూడండి. ‘ఆగింది’ అంటే మళ్లీ కదలొచ్చు, సిగ్నల్ దగ్గర బండి ఆగినట్టు. ‘ఆగిపోయింది’ అంటే మన చేతిలో లేదు, ఇంక కదలదు. సహాయ క్రియగా వచ్చిన ‘పో’ పని అదే: మొదటి క్రియ పూర్తయిందని, అదీ ఎవరి ఇష్టం లేకుండా అయిందని చెప్తుంది. దర్శకుడు కావాలని కోసినాడు కాబట్టి ‘ఆగిపోయింది’ సీను లోపలి మనిషికి సరిపోతుంది, బయట కూర్చుని ఎడిటింగ్ గురించి రాసేవాడికి సరిపోదు. వాడు ‘కోసినాడు’ అనాల.

శ్రీకాళహస్తి:
అదే సీజనులో ఇంకో చోట పడవలో టోనీతో అక్క మొగుడు బాబీ అనే మాటను తెలుగు చేసి చూడండి. చావు వచ్చేటప్పుడు బహుశా వినిపించను కూడా వినిపించదేమో అన్న భావం. ఇంగ్లీషులో ఆ చావుకు బదులు ఉత్త సర్వనామం ఉంది, పేరు పెట్టలేదు. తెలుగులో ‘అది జరిగేటప్పుడు వినబడదేమో’ అని ‘అది’ పెడితే చెయ్యి పెట్టి చూపించినట్టు ఉంటుంది. ‘అది’ తీసెయ్యండి: ‘జరిగేటప్పుడు వినబడను కూడా వినబడదేమో.’ మన భాషలో కర్త ఎగిరిపోయినా వాక్యం నిలబడుతుంది. చివరి ఎపిసోడుకు ముందుదాంట్లో టోనీ ఆ మాటనే గుర్తు చేసుకుంటాడు. ‘పోయింది’లో కర్తను దాచేదానికి సీరియల్లోనే ఆధారం ఉన్నట్టు.

పుత్తూరు:
ఇంతకీ పాట సంగతి ఎవరూ ఎత్తలేదు. జర్నీ బృందం 1981 పాట ‘డోంట్ స్టాప్ బిలీవిన్’, పల్లవి భావం నమ్మడం మానొద్దు అని. కోత సరిగ్గా ‘స్టాప్’ అన్న మాట మీద పడుతుంది. ఇంగ్లీషులో వద్దు ముందు, ఆపు తర్వాత, ఏది ఆపకూడదో ఆఖర్న. కాబట్టి మధ్యలో కోస్తే చెవికి మిగిలేది ‘ఆపు’. తెలుగులో క్రియ చివరికొస్తుంది. ‘నమ్మడం ఆపొద్దు’ను అదే చోట కోస్తే మిగిలేది ‘నమ్మడం’! చావు సీను కాస్తా భక్తి సీను అవుతుంది.

పాట కదా అని తిరగేసి ‘ఆపవద్దు నమ్మడం’ అని పాడించినా పూర్తిగా కుదరదు. ‘వద్దు’కు ముందు కోస్తే ‘ఆప’ మిగులుతుంది. మనకు ఆజ్ఞ కావాలంటే ‘ఆపు’ కావాల. ఒక్క కొమ్ము తేడా. వాడుకలో పలికే ‘ఆపొద్దు’ అయితే ఇంకా అన్యాయం, ‘ఆపొ’ దగ్గర తెగుతుంది, వినేవాడికి పాట అరిగిన క్యాసెట్టులా ఉంటుంది. దీనికి మందు లేదు. పాటను ఇంగ్లీషులోనే వదిలెయ్యాల.

నగరి:
ఇన్ని మాటలెందుకు, తీసినాయన డేవిడ్ ఛేజే చెప్పేసినాడు కదా. 2019లో వచ్చిన ఇంటర్వ్యూల పుస్తకంలో ఆయన ‘ఆ చావు సీను’ అన్నాడు.

పలమనేరు:
నోరు జారినాడు, అడిగినోళ్లు వెంటనే పట్టుకుంటే తిట్టినాడు కూడా. అంతకు ముందు 2014లో టోనీ చావలేదని ఛేజే అన్నట్టు ఒక వ్యాసం వస్తే, ఆయన తరఫు వాళ్లు అది తప్పుగా అర్థం చేసుకున్నారన్నారు. బతికినాడా చచ్చినాడా అన్నది అసలు విషయం కాదని చెప్పించినాడు. పైగా ‘చావు సీను’ అన్నది సమాసం. విడదీయండి చూద్దాం. చావు ఉన్న సీనా, చావు గురించిన సీనా, చావు కోసం మొదట అనుకున్న సీనా? సమాసం ఎట్ట విప్పితే అట్ట అర్థం. నాకైతే చచ్చినాడనే అనిపిస్తుంది, కానీ ఆ సమాసాన్ని సాక్ష్యంగా తీసుకోను.

ప్రశ్న (తిరుపతి):
సరే, అయితే ఇట్ట రాస్తున్నా: ‘గంట మోగింది. తలెత్తినాడు. పోయింది.’

తెనాలి:
వాక్యాలు బాగున్నాయి కానీ ఒక ఇబ్బంది ఉందండి. కర్త లేని ‘పోయింది’ వెనక్కి వెళ్లి దగ్గర్లో ఉన్న నపుంసకలింగాన్ని పట్టుకుంటుంది. ఇక్కడ ఉన్నది ‘గంట’ ఒక్కటే. గంట పోయిందనుకుంటారు. అరవై నిమిషాలు వృథా అయిందని కూడా అనుకోవచ్చు.

చిత్తూరు:
‘తలుపు గంట’ అని రాయి, నిమిషాల గోల పోతుంది. ‘పోయింది’ ముందు ‘అంతా’ పెట్టొద్దు, అంతా అన్నావంటే మళ్లీ తీర్పే. పేరా మార్చి, ఆ ఒక్క మాటనే కొత్త వరసలో పెట్టు.

పలమనేరు:
అయినా గంటనే పట్టుకుంటుంది అన్నా.

కుప్పం:
పట్టుకోనీ. గంట కూడా పోయింది కదా.