అప్‌డేట్: పాత ఇంటి చిమ్నీకి లైనర్ వేయించాలా?

మసాచుసెట్స్‌లో మేం కొన్న 1928 నాటి ఇంట్లో ఫైర్‌ప్లేస్ వాడొచ్చా, చిమ్నీకి కొత్త లైనర్ (పొగ పైకి పోయే లోపలి గొట్టం) వేయించాలా అని అడిగాను కదా. చిమ్నీ చూడ్డానికి మొదట వచ్చినాయన కింద నుంచి టార్చి వేసి చూసి, "మొత్తం మార్చాల్సిందే" అనేశాడు. నమ్మబుద్ధి కాలేదు. ఇంకొకరిని పిలిచి, లోపలికి కెమెరా దింపి చూసే లెవెల్ 2 తనిఖీ చేయించాం. తీరా చూస్తే మొదటాయన మాటే నిజం! పాత లైనర్‌గా ఉన్న మట్టి పలకల్లో ఒకటి నిలువునా పగిలింది, రెండు చోట్ల అతుకుల్లో సిమెంటు రాలి వెనక ఇటుక కనిపిస్తోంది. పేరుకున్న మసి అంటుకుంటే ఆ సందుల్లోంచి వేడి గోడలోని కలపకు తగులుతుందట. స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్, చుట్టూ ఇన్సులేషన్‌తో వేయిస్తున్నాం. పైపు మరీ సన్నదైతే పొగ గదిలోకే వస్తుందట, అందుకే ఫైర్‌ప్లేస్ నోరు కొలిచి వెళ్లారు. మా ఆవిడకు చలిమంట సరదా, నాకు బిల్లు టెన్షన్. అప్పటిదాకా హీటరే గతి.