పెద్దవాళ్లతో ఎలిజబెత్ ఫార్మ్‌కి వెళ్లొచ్చా?

వెస్ట్‌మీడ్ కోడలు:
గుంటూరు నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చి నెల అవుతోంది. ఆపెరా హౌస్, బీచ్‌లు అయిపోయాయి. ఇక్కడ సిడ్నీలోనే రోజ్‌హిల్‌లో ఎలిజబెత్ ఫార్మ్ అని పాత ఇంటిని మ్యూజియం చేశారు, అది చూపిద్దామనుకుంటున్నా. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, పది నిమిషాలకోసారి కూర్చోవాలి. మ్యూజియం అంటే కుర్చీలకి అడ్డంగా తాళ్లు కట్టేస్తారు కదా, అదే నా టెన్షన్.

హారిస్‌పార్క్ బాబాయ్:
నిశ్చింతగా వెళ్లమ్మా, అక్కడ తాళ్లే ఉండవు. సామాను పాతవాటికి నకళ్లు కాబట్టి ఏ గదిలోకైనా వెళ్లొచ్చు, కూర్చోవచ్చు. మా నాన్న భోజనాల గదిలో కుర్చీ లాక్కుని దర్జాగా కూర్చుంటే నేను హడలిపోయాను, అక్కడి ఆవిడేమో నవ్వి ఊరుకుంది. 1793లో జాన్ మకార్థర్ కట్టించిన ఇల్లది, యూరోపియన్లు ఆస్ట్రేలియాలో కట్టుకున్న ఇళ్లలో ఇప్పటికీ నిలబడి ఉన్నవాటిలో అదే పాతది. మొదట 68 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు, నాలుగు గదులు, ఒక హాలు, మేడ లేదు. తర్వాత పెంచుకుంటూ పోయారు. వరండాలో కూర్చుంటే మన ఊరి వసారానే గుర్తొస్తుంది.

బ్లాక్‌టౌన్ బావ:
మరీ అంత ఆశ పెట్టకండి సార్. గంటలో అయిపోతుంది. ఫార్మ్ అన్నారు కదా అని మా పిల్లలు గొర్రెల కోసం వెతికి వెతికి ఏడుపు లంకించుకున్నారు.

ఉన్ని శాలువా:
గొర్రెల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. మెరీనో జాతి గొర్రెల ఉన్ని అనగానే అందరూ జాన్ పేరే చెప్తారు, కానీ 1808లో ఇక్కడి బ్రిటిష్ గవర్నర్ బ్లైని దించేసిన గొడవలో ఆయన చెయ్యి కూడా ఉంది, దాని తర్వాత 1809 నుంచి 1817 దాకా ఆయన ఇంగ్లండ్‌లోనే ఉండిపోయాడు. అన్నేళ్లూ మందలు, లెక్కలు, ఖైదీ కూలీలు, పిల్లలు, అన్నీ చూసుకుంది ఆయన భార్య ఎలిజబెత్. ఇంటికి ఆవిడ పేరు ఊరికే రాలేదనిపిస్తుంది నాకు. ఆ నేల అంతకుముందు బురామట్టగల్ అనే ఆదివాసీ తెగ వాళ్లది, పక్కనున్న పరమట్టా పేరూ అక్కణ్నుంచి వచ్చిందే. అదీ చెప్పండి మామయ్యగారికి. తోటలో 1805 నాటి ఆలివ్ చెట్టు మాత్రం వదలొద్దు.

వెస్ట్‌మీడ్ కోడలు:
నిన్న వెళ్లొచ్చాం, థాంక్స్ బాబాయ్ గారూ. అత్తయ్యగారు మూడు గదుల్లో మూడు కుర్చీలు వాడేశారు. ఆలివ్ చెట్టు కింద పడ్డ నల్లటి కాయని నేరేడుపండనుకుని, నేను ఆపేలోపే కొరికేశారు. విగ్రామ్ స్ట్రీట్‌లో దోశ తినేదాకా ఆ చేదు పోలేదట.