క్రోనో ట్రిగ్గర్ ఇప్పటి ల్యాప్‌టాప్‌లో ఎవరైనా ఆడుతున్నారా?

రెండో_షిఫ్ట్:
చిన్నప్పుడు ఎమ్యులేటర్‌లో (పాత గేమ్ యంత్రంలా పనిచేసే ప్రోగ్రామ్) సగం ఆడి వదిలేసిన ఆట ఇది. 1995లో నింటెండో వాళ్ల గేమ్ యంత్రం సూపర్ ఫామికామ్‌కి వచ్చింది. ఇప్పుడు స్టీమ్‌లో (కంప్యూటర్ గేములమ్మే ఆన్‌లైన్ దుకాణం) కొన్నాను. 1080పీ స్క్రీన్ మీద బొమ్మలు పైన ఏదో పూత పూసినట్టు నున్నగా ఉన్నాయి. అప్పట్లో ఇలా లేవు కదా?

పిక్సెల్_పిచ్చి:
సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ దగ్గర ఒరిజినల్ పెట్టండి. 2018 ఫిబ్రవరిలో స్టీమ్‌లో విడుదలైనప్పుడు ఆ ఆప్షనే లేదు, మెనూలు కూడా ఫోన్ వెర్షన్‌వే. అభిమానులు గట్టిగా అడిగాక ఏప్రిల్ నుంచి ప్యాచ్‌లు వచ్చాయి.
ఇంకో సంగతి. అసలు బొమ్మ 256×224 మాత్రమే. దాన్ని జనం చూసింది ట్యూబ్ టీవీల్లో. ఆ తెర పక్కపక్క చుక్కల్ని కాస్త కలిపేసేది, జుట్టు, బట్టల మడతలు అందుకే మెత్తగా కనిపించేవి. ఎల్‌సీడీలో ప్రతి చుక్కా విడిగా గుచ్చుకుంటుంది. ఎమ్యులేటర్ వాడితే సీఆర్‌టీ షేడర్ (ట్యూబ్ టీవీలా చూపించే ఫిల్టర్) ఆన్ చేసి పాత టీవీ ఆకారం 4:3లోనే ఉంచండి. తెరంతా నిండాలని సాగదీస్తే మన హీరో క్రోనో లావైపోతాడు.

పాత_డిస్క్:
నేను ప్లేస్టేషన్ వెర్షన్ ఆడాను. మెనూ తెరిచినా, ఫైట్ మొదలైనా లోడింగ్ కోసం ఆగాల్సిందే. ఇప్పుడు అన్నీ చటుక్కున తెరుచుకుంటున్నాయి, దానికే సగం ప్రాణం లేచొచ్చింది.

కప్ప_వీరుడు:
ఎమ్యులేటర్‌లో ఫాస్ట్ ఫార్వర్డ్ మాత్రం వాడొద్దని నా మనవి. ఈ ఆటలో శత్రువులు చాలాచోట్ల ముందే కనిపిస్తారు, తప్పించుకుని వెళ్లొచ్చు కూడా. మరి తొందరెందుకు? కథలో కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతూ క్రీ.శ. 2300లో శిథిలమైన లోకానికి వెళ్తారు. అక్కడో యంత్రంలోకి దూరితే ఒంట్లో శక్తంతా తిరిగొస్తుంది, కానీ ఆకలి తీరలేదని ఒక్క మాట తెర మీద పడుతుంది. పరుగెత్తిస్తే అది కంటపడదు. ఆ కాలం మనుషులు ఎలా బతుకుతున్నారో మొత్తం ఆ ఒక్క ముక్కలో ఉంది.

సంతలో_పాప:
మా ఎనిమిదేళ్ల పాపని పక్కన కూర్చోబెట్టుకుని, మాటలన్నీ తెలుగులో చెబుతూ ఆడాను. జాతరలో ఎవరిదో భోజనం తినేయమని తనే చెప్పింది. తర్వాత కోర్టులో అదే సాక్ష్యంగా వచ్చేసరికి నోరు తెరిచింది. రెండోసారి ఆడినప్పుడు పిల్లి పోగొట్టుకున్న అమ్మాయికి పిల్లిని అప్పగించేదాకా నన్ను కదలనివ్వలేదు.

పిక్సెల్_పిచ్చి:
క్రీ.పూ. 12000లో జీల్ రాజ్యం చేరాక హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. సంగీతం ఎక్కువ భాగం యసునోరి మిత్సుదాది. పని ఒత్తిడితో కడుపులో పుండ్లు పడి ఆయన ఆస్పత్రి పాలైతే, మిగతా పాటల్లో కొన్ని నొబువో ఉయెమత్సు చేశారు. ల్యాప్‌టాప్ స్పీకర్లలో ఆ బేస్ వినపడదు.

రెండో_షిఫ్ట్:
ఒరిజినల్ పెట్టాను, ఎంత తేడానో! కంట్రోలర్ కూడా తగిలించా. క్రోనో, కప్ప రూపంలో ఉండే వీరుడు కలిసి కొట్టే ఎక్స్-స్ట్రైక్ దెబ్బ ఎప్పుడొస్తుంది?

కప్ప_వీరుడు:
క్రోనోకి సైక్లోన్, కప్పకి నాలుకతో లాగి నరికే దెబ్బ, రెండూ వచ్చి ఉండాలి. ఇద్దర్నీ ఒకే జట్టులో ఉంచండి. ఫైట్‌లో ఇద్దరి గేజ్‌లూ (వంతు ఎప్పుడొస్తుందో చూపే పట్టీలు) నిండేదాకా ఆగాలి. టెన్షన్‌గా ఉంటే సెట్టింగ్స్‌లో యాక్టివ్ బదులు వెయిట్ పెట్టుకోండి, మీరు టెక్నిక్ ఎంచుకునేలోపు శత్రువు కొట్టడు.