చాలా ఏళ్ల తర్వాత మళ్లీ పాడాలంటే పాత పాటలా, కొత్త పాటలా?

ప్రశ్న (పెన్నా తీరం):
1990ల తొలి సంవత్సరాల్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం కోసమూ, ఆ వెంటే 1992లో దూబగుంట నుంచి ఎగసిన సారా వ్యతిరేక ఉద్యమం కోసమూ కళాజాతలకు పాటలు రాసి పాడాను. వరసలు చాలావరకు మా ఊరి నాట్ల పాటలవి, మాటలు నావి. కొన్నింటిని ఒక సంస్థ క్యాసెట్‌గా వేసింది. తరువాత ఉద్యోగం, సంసారం మధ్య పాట ఆగిపోయింది. ఇప్పుడు పదవీ విరమణ చేశాను కనుక ఎవరినీ ఆశ్రయించకుండా సొంతంగా రికార్డు చేయాలని ఉంది, కానీ గొంతు అప్పటి స్థాయికి ఎక్కడం లేదు. పాతవే పాడాలా, కొత్తవి రాసుకోవాలా? అసలు ఆ పాటల మీద నాకు హక్కు ఉందా?

సమాధానం (గ్రంథాలయవాసి):
అమ్మా, కొత్తవి రాయండి. ఇంగ్లండులో సొంత పాటలు రాసి పాడుకునే వాష్తీ బన్యన్ తొలి ఆల్బమ్ 1970లో వచ్చి, ఎవరికీ పట్టక, ఆమె పాటే మానుకొని పల్లెల్లో పిల్లలను పెంచుకుంటూ ఉండిపోయారు. 2000లో ఆ ఆల్బమ్ మళ్లీ విడుదలై కొత్త తరం చెవిన పడినా, 2005లో రెండోది తెచ్చినప్పుడు ఆమె పాత పాటల్నే తిరిగి పాడలేదు. నడివయసు దాటిన మనిషి రాయగల పాటలు రాశారు. మూడున్నర దశాబ్దాల జీవితం మీ దగ్గరా ఉంది, అది ఇంకా పాటలోకి రాలేదు.

సమాధానం (వంతపాట):
పై మాటతో సగమే ఏకీభవిస్తాను. బన్యన్ పాటలు ఒక మనిషి ఏకాంతంలో పుట్టినవి, సారా పాటలు ఊరి ఆడవాళ్లందరివీ. పాడగలిగినవారు ఉండగానే వాటిని రికార్డు చేయకపోతే రేపు నోటుపుస్తకం మిగులుతుంది గానీ వరస మిగలదు. కాబట్టి ముందు అవి పాడండి, కొత్తవి తరువాత.

గొంతు గురించి దిగులు వద్దు. ఇంగ్లండు జానపదాలు పాడే షర్లీ కాలిన్స్ 1970ల చివర్లో గొంతు పట్టుతప్పి దాదాపు నాలుగు దశాబ్దాలు మౌనంగా ఉండి, 81వ ఏట 2016లో మళ్లీ ఆల్బమ్ తెచ్చారు. స్వరం బాగా కిందికి దిగింది, ఆమె దాన్ని దాచలేదు. మీరు ఐదున్నర శ్రుతిలో పాడినవాటిని నాలుగుకు దించి చూడండి. అయితే అంతటితో సరిపోదు, ఎందుకంటే పైస్థాయి సులువైనా పల్లవి మొదట్లోని కింది స్వరాలు వినబడకుండా పోవచ్చు. అలాంటి పాటలకు శ్రుతి మరీ దించకుండా, పైకెళ్లే చరణాన్ని వంతవాళ్లకు ఇచ్చేయండి. కళాజాతల్లో మనం చేసింది అదే కదా. డప్పును మాత్రం మైకుకు దూరంగా, వీలైతే పక్క గదిలో ఉంచండి, లేదంటే మాట ఒక్కటీ తెలియదు.

సమాధానం (న్యాయ విద్యార్థి):
హక్కుల సంగతి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మాటలు, సంగీతం, రికార్డింగు వేర్వేరు. తరతరాల నాట్ల వరస ఎవరి సొత్తూ కాదు. మాటలు మీవైతే మీ జీవితకాలమూ, ఆపై 60 ఏళ్లూ హక్కు ఉంటుంది, దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. క్యాసెట్ శబ్దం మాత్రం సాధారణంగా దాన్ని తయారు చేయించినవారిది కనుక ఆ రికార్డింగును యథాతథంగా యూట్యూబులో పెట్టాలంటే వారి అనుమతి అవసరం. మీరు మళ్లీ పాడటానికి ఆ ఇబ్బంది లేదు. పాటల హక్కును రాతపూర్వకంగా వారికి బదిలీ చేసి ఉంటే మాత్రం ఆ పత్రం చూడాలి. అందులో గడువు రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగానే పరిగణిస్తుంది. ఉద్యోగ విధుల్లో భాగంగా రాసిన పాటలైతే హక్కు యజమానికి చెందే అవకాశం ఉంది కాబట్టి, ఏ పాట ఏ సందర్భంలో రాశారో గుర్తున్నంతవరకు ఇప్పుడే రాసి పెట్టుకోండి. అప్‌లోడ్ చేశాక అదే జానపద వరసతో మరో కంపెనీ రికార్డింగు ఉంటే యూట్యూబు యంత్రం మీ పాటను వారిదిగా పట్టుకోవచ్చు. అప్పుడు అభ్యంతరం తెలిపే ఫారంలో వరస సంప్రదాయకమనీ, మాటలు, గొంతు మీవనీ స్పష్టంగా రాయండి.