పసిడి గల్గువాని బానిసకొడుకు'లు'నా, 'లే'నా?

అరసున్న: ఫార్ములా వన్‌లో డబ్బు తెచ్చి సీటు పట్టే డ్రైవర్ల మీద ఒక వ్యాసం. శీర్షికకి వేమన పాదం ఒకటి నోట్లో నానుతోంది: "పైసలున్నవాని బానిసకొడుకులే". దాని పైపాదం "విద్యచేత విర్రవీగువాడు". అక్కడి వరకు ఖాయం. మూడో పాదం ఎత్తుగడ మీద అనుమానం. చివరి అక్షరం 'లు'నా 'లే'నా అన్నది అంతకంటే పెద్ద అనుమానం.

యతిభంగం: "పసిడి గల్గువాని బానిసకొడుకులు". మీది తప్పే గానీ ముచ్చటైన తప్పు. పైస/లున్న/వాని మూడూ హగణాలే, ఆటవెలది పాదం మొదట్లో కావలసిన సూర్యగణాలు. యతి కూడా చెల్లింది: ప, బ ఒకే గూటివి, ఐకారానికి ఆకారంతో మైత్రి ఉంది. అందుకే చెవి పట్టుకోలేదు. 'ధనము గల్గువాని' అని పొరబడి ఉంటే ధ–బా దగ్గరే దొరికిపోయేవారు. 'గలుగు' అన్నా 'గల్గు' అన్నా ఒకటే, నగణమో హగణమో అవుతుంది. ఇక 'కొడుకులు' నలం, 'కొడుకులే' నగం. రెండూ ఇంద్రగణాలే కాబట్టి ఛందస్సు మీకు తీర్పు చెప్పదు.

పిట్‌వాల్: ఛందస్సు చెప్పకపోతే రేసులు చెబుతాయి. 'లే' పెట్టొద్దు. 'లు' అంటే లోకం తీరు చెప్పినట్టు ఉంటుంది. 'లే' అంటే ఇంకో దారి లేదని కొట్టిపారేసినట్టు. ఆ ఏకారాన్ని నికీ లౌడా ఒక్కడే పడగొడతాడు. ఇంట్లో డబ్బుంది, కానీ తాత అడ్డుపడ్డాడు. జీవిత బీమా పాలసీ తాకట్టు పెట్టి బ్యాంకు అప్పుతో మార్చ్ జట్టులో సీటు కొన్నాడు. 1973లో బీఆర్ఎమ్‌కి కూడా డబ్బు కట్టే వెళ్ళాడు. అక్కడ తోటి డ్రైవరు రెగజోనీ, ఇతని వేగం చూసి ఫెరారీకి చెప్పాడు. 1974లో ఫెరారీ, 1975లో ప్రపంచ ఛాంపియన్. ఇతను ఎవరి బానిసకొడుకు?

అరసున్న: బ్యాంకు వాళ్ళ బానిసకొడుకు.

పిట్‌వాల్: అది ఒప్పుకుంటాను.

నిఘంటువు: చివరి అక్షరం మీద పడి అసలు చిక్కు వదిలేస్తున్నారు. పద్యంలో 'విద్య' అంటే చదువనుకుంటే మీ వ్యాసానికి ఈ పాదం పనికిరాదు. ఇక్కడ విద్య అంటే చేతనైన పని, నేర్పు. విలువిద్య, గారడీ విద్య, దొమ్మరి విద్య, 'కోటి విద్యలు కూటికొరకే'... వీటిలో బడి ఎక్కడుంది? ఆ అర్థంలో వాన పడ్డ ట్రాక్ మీద బ్రేకు వదిలే క్షణం తెలియడం కూడా విద్యే. అప్పుడే విద్యకీ పసిడికీ పోటీ కుదురుతుంది.

పిట్‌వాల్: మంచి మాట, కానీ రేసింగ్‌లో ఆ పోటీ అంత శుభ్రంగా ఉండదు. ఫార్ములా వన్ నడిపే విద్య ఉందని తేల్చే పత్రం సూపర్ లైసెన్స్. 2016 నుంచి దానికి మూడు సీజన్లలో 40 పాయింట్లు కావాలి. ఫార్ములా వన్ కింది మెట్టు ఫార్ములా టూలో మొదటి మూడు స్థానాలకు ఒక్కొక్కరికి 40, దానికీ కింది ఫార్ములా త్రీ ఛాంపియన్‌కి 30. చూడటానికి ర్యాంకు పద్ధతే. కానీ ఆ ఫార్ములా త్రీ, ఫార్ములా టూ సీట్లకే జట్టుకి డబ్బు కట్టాలి. కట్టేది నాన్న, స్పాన్సరు, లేదా పెద్ద జట్టు నడిపే అకాడమీ. అంటే పసిడి చివర్లో వచ్చి విద్యని తోసెయ్యదు. విద్య చూపించుకునే బరిలోకి టికెట్టే పసిడి. పిల్లల చిన్న బండ్ల పోటీలైన కార్టింగ్ దగ్గరే ఆగిపోయినవాళ్ళు ఈ లెక్కలోకే రారు. హామిల్టన్ ఆగిపోకపోవడానికి కారణం 1998లో మెక్‌లారెన్, మెర్సిడెస్ కలిసి అతన్ని చేరదీయడం.

గోదారిగట్టు: తెలుగువాడికి 'సీటు' అన్న మాటలోనే ఈ చరిత్రంతా ఉంది. మనకి సీటు అంటే కుర్చీ కంటే ముందు కాలేజీ. 1993 ఉన్నికృష్ణన్ తీర్పు, ఆంధ్రప్రదేశ్ మీద వేసిన కేసే, ఫ్రీ సీటు – పేమెంట్ సీటు అన్న జంటని వీధి మాట చేసింది. 2002 తర్వాత ఆ ఏర్పాటు పోయినా మాట పోలేదు. ఇప్పుడు ఇంజినీరింగులో 70 శాతం కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. కాబట్టి 'పే డ్రైవర్'కి తెలుగు వెతకనక్కర్లేదు: డొనేషన్ డ్రైవరు.

పిట్‌వాల్: డొనేషన్ సీటువాడు కూడా పరీక్ష పాసవ్వాలి కదా. ఇక్కడా ఉంది, 107 శాతం నియమం. రేసుకి ముందు వరస తేల్చే క్వాలిఫయింగ్ మొదటి విడతలో అందరికంటే వేగమైన ల్యాప్ 85 సెకన్లైతే మీరు 90.95 లోపల రావాలి. లేకపోతే రేసు అధికారులైన స్టీవార్డులు దయతలిస్తేనే రేసు. 2011లో మెల్‌బోర్న్‌లో హెచ్ఆర్‌టీ కార్లు రెండూ తప్పాయి. అందులో ఒకటి నారాయణ్ కార్తికేయన్‌ది. పాపం అతని మీదకే నెట్టకండి, ఆ కారు వారాంతం మొదలయ్యే దాకా సరిగ్గా సిద్ధమే కాలేదు.

కృష్ణవేణమ్మ: 'డొనేషన్' కుదరదు. డొనేషన్ ఇచ్చినవాడికి నాలుగేళ్ళ సీటు ఖాయం. ఇక్కడ వాయిదా తప్పితే దించేస్తారు. సరైన మాట కట్నం. జట్టే డ్రైవరుకి డబ్బిచ్చి తెచ్చుకుంటే కన్యాశుల్కం, డ్రైవరు తెచ్చి ఇస్తే వరకట్నం. నగదు కాకుండా సరుకు వస్తే సారె. 1987లో హోండా ఇంజిన్లతో పాటు సతోరు నకజిమా లోటస్‌కి వచ్చాడు చూడండి, అచ్చంగా సారె.

యతిభంగం: కార్బరేటర్లు పట్టుచీరలో చుట్టి ఇచ్చారా?

పిట్‌వాల్: అవి టర్బో ఇంజిన్లు, కార్బరేటర్లు ఉండవు. కానీ పోలిక బాగుంది. దాన్నింకా లాగొచ్చు. 1991లో బెల్జియంలోని స్పా రేసుకి ముందు జోర్డాన్ జట్టు డ్రైవరు గాషో లండన్‌లో జైలుకెళ్తే ఆ ఖాళీకి మెర్సిడెస్ డబ్బు కట్టి ఒక కుర్రాడిని కూర్చోబెట్టింది. క్వాలిఫయింగ్‌లో ఏడో స్థానం, రేసులో మొదటి ల్యాప్‌లోనే క్లచ్ పోయింది. తర్వాతి రేసుకే బెనెటన్ లాక్కుపోయింది. మైకేల్ షూమాకర్. మొదటి రేసు వరకూ అతను కట్నం పెళ్ళికొడుకే, రెండో రేసు నుంచి కన్యాశుల్కం.

నిఘంటువు: పోలిక తిరగబడింది. కట్నం తెచ్చేది పెళ్ళికొడుకు కాదు.

కృష్ణవేణమ్మ: సరే, జట్టే వరుడు, డ్రైవరు వధువు. అదీ బాగానే అతుకుతుంది: ఒకే వరుణ్ణి మూడు ఇళ్ళకి అమ్మిన కేసు కూడా ఉంది. 2015కి గాను డ్రైవరు వాన్ డెర్ గార్డ్ పక్షం సౌబర్‌కి ముందే డబ్బు కట్టింది. ఈలోగా సౌబర్ ఎరిక్సన్, నాస్ర్‌లకు సీట్లు ఇచ్చేసింది. ఇద్దరూ స్పాన్సర్లతో వచ్చినవాళ్ళే. వాన్ డెర్ గార్డ్ మెల్‌బోర్న్‌లో కోర్టుకెక్కి గెలిచాడు. శుక్రవారం మొదటి ప్రాక్టీసులో సౌబర్ కార్లు గరాజు దాటలేదు. తీరా అతనికి ఆ ఏడాది సూపర్ లైసెన్స్ లేదు. పరిహారం ఇచ్చి రాజీపడ్డారు. కాగితం మీద సీటు ఉండి, కోర్టు తీర్పు ఉండి, లైసెన్స్ లేక కారెక్కలేదు.

పిట్‌వాల్: ఇందులో కాగితం మీద లేని సీటు ఒకటి ఉంది. ఫార్ములా వన్ సీటు కొలతకి పోత పోస్తారు. కాక్‌పిట్‌లో సంచీ పెట్టి డ్రైవరుని కూర్చోబెట్టి, రెండు రసాయనాల ద్రవం పోస్తే నురగలా పొంగి ఒంటి ఆకారంలో గట్టిపడుతుంది. దాన్ని బట్టి కార్బన్ గుల్ల చేస్తారు. పోసేటప్పుడు తుంటి కాస్త పక్కకి ఒరిగితే యాభై ల్యాపులూ నడుము చెబుతుంది. ఒకరి సీటు ఇంకొకరికి పనికిరాదు. అమ్మకానికి పెట్టేది మాత్రం ఆ సీటునే.

గోదారిగట్టు: పనికిరాదు కాబట్టే ఇచ్చేశారు అనుకోవాలి, హల్కెన్‌బెర్గ్ సీటు మాల్డొనాడోకి. 2010 చివర్లో బ్రెజిల్‌లో విలియమ్స్ కారుకి పోల్, అంటే రేసు వరసలో మొదటి స్థానం, తెచ్చినవాడిని తీసేసి, వెనెజువెలా చమురు కంపెనీ పీడీవీఎస్ఏ డబ్బుతో వచ్చినవాడిని పెట్టుకున్నారు. 'లే' పెట్టడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పిట్‌వాల్: సాక్ష్యం మీకే ఎదురు తిరుగుతుంది. మాల్డొనాడో 2010 జీపీటూ (ఇప్పటి ఫార్ములా టూ) ఛాంపియన్. 2012లో బార్సిలోనాలో హామిల్టన్ ఇంధనం చాలక అనర్హుడైతే పోల్ ఇతనికి వచ్చింది. రేసులో అలొన్సోని వెనకే ఆపి గెలిచాడు. విలియమ్స్ మళ్ళీ ఇప్పటిదాకా గెలవలేదు. గుద్దుళ్ళూ చాలా ఉన్నాయి, అది వేరే చిట్టా. అతన్ని ఇంటికి పంపింది గుద్దుళ్ళు కాదు. 2016కి రెనో దగ్గర సీటు ఉండగా చమురు కంపెనీ డబ్బు రాలేదు, మాగ్నుసెన్ వచ్చాడు.

కృష్ణవేణమ్మ: వాయిదా కట్టలేక! శ్రీనాథుడి చాటువులో ఆఖరి పాదం ఇక్కడ పెట్టకపోతే పాపం: "ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు". కనకాభిషేకం చేయించుకున్నవాడు, గౌడడిండిమ భట్టు కంచుఢక్కా పగలగొట్టించినవాడు, ఆంధ్రనైషధకర్త. ఇంత విద్య ఉండి బొడ్డుపల్లెలో గుత్తకి తీసుకున్న పొలాన్ని కృష్ణ ముంచితే, ఏడు వందల టంకాలకి నడివీధిలో ఎండన నిలబెట్టారు. బానిసకొడుకులు అన్నది ఎవరినో వేమన చెప్పనక్కర్లేదు.

నిఘంటువు: ఆ చాటువు శ్రీనాథుడిదేనా అన్నది...

యతిభంగం: వద్దు. అందులోని 'గొడ్డేఱి' మాట మీద ఇప్పటికే రెండుసార్లు చీలిపోయాం.

అరసున్న: 'బానిసకొడుకులు' సమాసం కూడా చెప్పండి. బానిస యొక్క కొడుకులా, బానిసలైన కొడుకులా? రెండోదైతే నాకు పంట. స్ట్రోల్, మజెపిన్... పసిడి గల్గువాని కొడుకులే కదా.

నిఘంటువు: తిట్టుకి విగ్రహవాక్యం చెప్పకూడదు. 'గాడిద కొడుకు' అంటే షష్ఠీ తత్పురుష అని ఎవరూ అనరు. తిట్లలో 'కొడుకు'కి బంధుత్వం ఉండదు, విసురు మాత్రమే ఉంటుంది.

పిట్‌వాల్: ఆ ఇద్దరినీ ఒక గాటన కట్టొద్దు. లాన్స్ స్ట్రోల్ 2016లో యూరోపియన్ ఫార్ములా త్రీ గెలిచాడు. 2017 బాకులో మూడో స్థానం, 2020 టర్కీలో తడి ట్రాక్ మీద పోల్. మధ్యలో 2018 ఆగస్టులో తండ్రి బృందం ఫోర్స్ ఇండియానే కొనేసింది. మరుసటి ఏడాది ఆ జట్టు డ్రైవరు ఓకాన్‌కి సీటు లేకపోయింది, అదీ నిజమే. మజెపిన్ కథ వేరు. తండ్రి కంపెనీ ఉరల్‌కాలి పేరు కారు నిండా రాసుకున్న హాస్‌లో 2021 అంతా జట్టుకి ఒక్క పాయింటు లేదు. 2022 మార్చిలో యుక్రెయిన్ యుద్ధంతో డబ్బూ పోయింది, సీటూ పోయింది. మళ్ళీ మాగ్నుసెనే వచ్చాడు, ఖాళీ అయిన కట్నం సీట్లన్నీ ఆయనకే రాసిపెట్టినట్టు.

గోదారిగట్టు: అంటే ఇప్పుడు పసిడి బలం తగ్గిందా?

పిట్‌వాల్: పై జట్లలో తగ్గింది, కారణం సూటిగా ఉంది. 2021 నుంచి ఖర్చుకి పరిమితి, మొదట 145 మిలియన్ డాలర్లు. డ్రైవరు జీతం అందులోకి రాదు. పరిమితిని ఎలాగూ అందుకునే జట్టుకి డ్రైవరు తెచ్చిన అదనపు డబ్బు కారులో పెట్టడానికి వీల్లేదు. బహుమతి సొమ్మేమో జట్టు స్థానాన్ని బట్టి వస్తుంది. నెమ్మదైనవాడు ఒక స్థానం పోగొడితే వాడు తెచ్చిన డబ్బు అందులోనే కొట్టుకుపోవచ్చు. పరిమితి దాకా ఖర్చు పెట్టలేని జట్టుకే కట్నం ఇంకా తీపి. ఫార్ములా టూ, త్రీల్లో మాత్రం ఏ మార్పూ లేదు, అక్కడ జట్టు బతికేదే డ్రైవరు కట్టే డబ్బు మీద.

అరసున్న: శీర్షిక రేపటికి కావాలి. వేమనని వదిలేసి సొంతంగా కట్టాను: "పసిడి గల్గువాడు బండెక్కి కూర్చుండె". ప–బ యతి చెల్లింది, చివరి రెండూ తగణాలు.

యతిభంగం: గణాలు బాగున్నాయి. 'కూర్చుండె' ఏకవచనం, మీ వ్యాసంలో డ్రైవర్లు డజను. 'కూర్చుండ్రి' అనండి.

నిఘంటువు: అప్పుడు 'వాడు' ఏం కావాలి? దానికంటే ముందు 'విద్యచేత'లో తృతీయ హేతువా, కరణమా తేల్చండి. విద్య కారణంగా విర్రవీగుతున్నాడా, విద్యనే పట్టుకుని విర్రవీగుతున్నాడా? రెండోదైతే వేమన తిట్టింది వాళ్ళనే, పసిడివాళ్ళని కాదు.

కృష్ణవేణమ్మ: 'గొడ్డేఱి'లో బండి ఱ ఎందుకో చెప్పి అప్పుడు తృతీయకి రండి.